పిండి ఫిల్మ్‌కి గ్లిజరాలా, సార్బిటాలా? వైజాగ్ తేమకి ఏది ఆగుతుంది?

పెందుర్తి పిల్ల: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి కర్రపెండలం పిండితో కవర్లకి పలుచని ఫిల్మ్‌లు పోస్తున్నాను. ఫిల్మ్ మెత్తగా సాగడానికి 100 గ్రాముల పిండికి 30 గ్రాముల గ్లిజరాల్. ఫిబ్రవరిలో పోసినవి చక్కగా ఊడొచ్చాయి, లాగితే సాగాయి. జులైలో అదే పిండి, అదే కొలత. పళ్లెం నుంచి తీస్తుంటే వేళ్లకి అతుక్కుని, తడిసిన అప్పడంలా చినిగిపోయాయి. గ్లిజరాల్ తగ్గించమని మా సార్, అదే పని చేసే సార్బిటాల్‌కి మారమని సీనియర్లు. ఎవరి మాట వినాలి?

కంచరపాలెం: సార్ మాటే. గ్లిజరాల్ పిండి గొలుసుల మధ్య దూరి, వాటిని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలను వదులు చేస్తుంది. గొలుసులు జారతాయి కాబట్టే ఫిల్మ్ సాగుతుంది, బలమూ అందుకే తగ్గుతుంది. 15కి దించండి.

ఉక్కునగరం: అంత దించితే మడత పెట్టగానే పటుక్కుమంటుంది తమ్ముడూ. 10 దగ్గరకి వెళ్తే, అసలు వేయనిదానికన్నా పెళుసుగా రావడమూ ఉంది. ఇక్కడ మారింది కొలత కాదు, గాలి. నీరు కూడా ప్లాస్టిసైజరే, అంటే గ్లిజరాల్‌లా ఫిల్మ్‌ని మెత్తబరిచేదే. గ్లిజరాల్ గాలిలో తేమని లాక్కుంటుంది. అంటే ఆ అమ్మాయి జులైలో తనకి తెలియకుండానే రెండో ప్లాస్టిసైజర్ కలిపింది.

కంచరపాలెం: అయితే సార్బిటాలే మేలు కదక్కా, తేమ తక్కువ పీలుస్తుంది?

ఉక్కునగరం: నిజమే, ఫిల్మ్ గట్టిగానూ వస్తుంది. కానీ సాగుడు పోతుంది, మోతాదు ఎక్కువైతే నిల్వలో స్ఫటికాలు కడుతుంది. ముందు తేమని కట్టడి చేయాలి. మూత బిగిసే రెండు డబ్బాలు తీసుకో చెల్లీ. ఒకదాంట్లో మెగ్నీషియం నైట్రేట్ చిక్కటి ద్రావణం, అడుగున ఇంకా కరగని గడ్డలు మిగలాలి. 25 డిగ్రీల దగ్గర లోపల తేమ 53 శాతం ఉంటుంది. రెండోదాంట్లో మామూలు ఉప్పుతో అలాగే చేస్తే 75 శాతం. ముక్కలు ద్రావణానికి తగలకుండా రెండు రోజులుంచి, తీసిన వెంటనే లాగి బలం చూడు.

కంచరపాలెం: పరిశోధన పేపర్లలో ఎక్కువగా 50 శాతం తేమ దగ్గరే లాగుతారు. 75 ఎందుకు?

ఉక్కునగరం: పోల్చుకోడానికి 50 కావాలి, కాదనను. కానీ ఈ కవర్ వాడేది బీచ్ రోడ్డులో, వానాకాలంలో. తేమ ఎంతో చెప్పకుండా బలం ఇంత అని రాస్తే నేను నమ్మను. పోసి ఎన్నాళ్లయిందో కూడా రాయాలి. చద్దన్నం మెతుకు బిరుసెక్కినట్టే పిండి ఫిల్మూ నిల్వలో బిరుసెక్కుతుంది.

పెందుర్తి పిల్ల: ఫిబ్రవరి ముక్కలు దాచాను అక్కా, వాటినీ పెడదామనుకున్నా. ఐదు నెలలు పాతబడ్డాయి కాబట్టి పోలికకి పనికిరావు. గ్లిజరాల్ 30, గ్లిజరాల్ 20, సార్బిటాల్ 30, మూడూ ఒకే రోజు కొత్తగా పోస్తాను. ఉప్పు డబ్బా ఇవాళే సిద్ధం చేశాను.