కీమోతో మార్కర్లు నార్మల్ అయ్యాయి, అయినా కడుపు ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: తమ్ముడికి 26 ఏళ్లు. వృషణంలో గడ్డ అని ముందు ఆ వృషణం తీసేశారు, రిపోర్టులో నాన్ సెమినోమా అనే రకం వృషణ క్యాన్సర్ అని వచ్చింది. అప్పటికే కడుపు వెనక లింఫ్ గ్రంథులకు పాకడంతో 4 సైకిళ్లు బీఈపీ అనే మూడు మందుల కీమో ఇచ్చారు. ఇప్పుడు రక్తంలో ఈ క్యాన్సర్‌ని పట్టిచ్చే మార్కర్లు ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ నార్మల్. కానీ సీటీలో ఇంకా 2.8 సెంటీమీటర్ల గడ్డ కనిపిస్తోంది, దాన్ని కోసి తీయాలంటున్నారు. వాడు ఇప్పుడిప్పుడే నాలుగు ముద్దలు తింటున్నాడు. అమ్మేమో మందుకే తగ్గింది కదా మళ్లీ కోతలెందుకని ఏడుస్తోంది. మామయ్య యువరాజ్ సింగ్‌కి కీమోతోనే నయమైంది కదా అంటున్నాడు. కొన్నాళ్లు ఆగొచ్చా?

జవాబు 1: ఆగకండి అన్నా. నాకూ ఇదే ఆపరేషన్ అయింది. మిగిలిన గడ్డ దాదాపు సగం మందిలో చచ్చిపోయిన కణజాలమే, దాదాపు 40 శాతం మందిలో మాత్రం టెరటోమా (రకరకాల కణజాలాలు కలిసిన గడ్డ) ఉంటుంది, ఇంకో 10 శాతం మందిలో బతికున్న క్యాన్సరే ఉంటుంది. టెరటోమా కీమోకి లొంగదు, పైగా మార్కర్లలోనూ బయటపడదు, అందుకే రక్తపరీక్ష బాగుందని ఊరుకోకూడదు. వదిలేస్తే అది పెరిగి పక్క అవయవాలను నొక్కొచ్చు, ఒక్కోసారి వేరే రకం క్యాన్సర్‌గానూ మారుతుంది. లోపల ఏముందో స్కాన్ చెప్పలేదు, తీసి పరీక్షకు పంపితేనే తెలుస్తుంది. నాన్ సెమినోమాలో 1 సెంటీమీటరు దాటితే తీసేయమనేది అందుకే.

జవాబు 2: యువరాజ్ కేసు వేరండీ, ఆయనకు గడ్డ వచ్చింది ఛాతీలో, అదీ సెమినోమా రకం. సెమినోమాలో మిగిలిన గడ్డ 3 సెంటీమీటర్ల లోపుంటే మామూలుగా కోయకుండా గమనిస్తారు, పెద్దదైతే కొన్ని వారాలాగి పెట్ స్కాన్ చేస్తారు. మామయ్యగారికి ఈ తేడా చెప్పండి, పాపం ఆయన బాధా అర్థమవుతుంది.

జవాబు 3: చేయించండి, కానీ ఎవరి దగ్గరనేది చాలా ముఖ్యం. ఆ గడ్డ పెద్ద రక్తనాళాల పక్కనే అతుక్కుని ఉంటుంది కాబట్టి, ఈ ఆపరేషన్ తరచుగా చేసే సర్జన్ ఉన్న పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికే వెళ్లండి. మత్తు డాక్టరుకి బీఈపీలోని బ్లియోమైసిన్ మందు ఎక్కించారని తప్పకుండా చెప్పాలి, అది ఊపిరితిత్తులను దెబ్బతీయొచ్చు, ఆక్సిజన్, సెలైన్ విషయంలో వాళ్లు జాగ్రత్త పడతారు. ఇంకోటి, ఇంట్లో ఎవరూ నోరు విప్పి అడగరు గానీ, అక్కడి నరాలు తెగితే వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి పోవచ్చు, అంగస్తంభన మాత్రం సాధారణంగా బాగానే ఉంటుంది. నరాలు కాపాడటం కుదురుతుందా, కీమోకి ముందు వీర్యం దాచకపోతే ఇప్పుడేం చేయొచ్చు అని తమ్ముడినే అడగనివ్వండి, మీరు కాసేపు బయట కూర్చోండి.