తాతగారి నాటక ప్రతులను భద్రపరచడం ఎలా?

ప్రశ్న (విజయవాడ): మా తాతగారు పద్యనాటకాలలో వేషాలు కట్టేవారు. ఆయన ట్రంకుపెట్టెలో 1950ల నాటి కరపత్రాలు, ఫొటోలు, అంచుల్లో పెన్సిలుతో గుర్తులు రాసుకున్న నాటక ప్రతులు దొరికాయి. లామినేషన్ చేయించవచ్చునా?

జవాబు (గుంటూరు): దయచేసి చేయించకండి. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను విడదీయడం దాదాపు అసాధ్యం. చిరుగులకు సెల్లోటేపు వేసినా కొన్నేళ్ళకు జిగురు పసుపెక్కి కాగితాన్ని పాడుచేస్తుంది. ఆమ్లరహిత కాగితపు కవర్లలో ఉంచి, స్కాన్ చేయించి, ఫొటోల వెనుక పేర్లను మెత్తని పెన్సిలుతో రాయండి.

మరో జవాబు (తెనాలి): 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు మా ఊళ్ళోనే పుట్టింది కనుక కాస్త చొరవగా చెబుతున్నాను: అచ్చయిన నాటకం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది కానీ, రాగం ఎక్కడ అందుకోవాలో, ఏ పద్యానికి వన్స్‌మోర్ పడిందో చెప్పే ఆ పెన్సిలు రాతలు మరెక్కడా దొరకవు. వాటిని చెరపవద్దు.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. లామినేషన్‌కు ఇచ్చిన రెండు కరపత్రాలను ఈ సాయంత్రమే వెనక్కు తెచ్చుకుంటాను.