కన్వర్టిబుల్ టాప్: రిలే పలుకుతోంది, పంపు తిరగడం లేదు

ప్రశ్న (తిరువాన్మియూర్, చెన్నై): వానల తరువాత మా కారు మడత టాప్ మొరాయించింది. బటన్ నొక్కితే డిక్కీలో రిలే (మోటారుకు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్చు) టక్కుమంటోంది గానీ హైడ్రాలిక్ పంపు మోటారు తిరగడం లేదు. ఫ్యూజులు బాగానే ఉన్నాయి. వర్క్‌షాపువారు పంపు మొత్తం మార్చాలంటున్నారు. అంత ఖర్చుకు దిగే ముందు ఏమేమి పరీక్షించాలో దయచేసి చెప్పగలరు.

జవాబు (అడయార్): తొందరపడి పంపు మార్పించకండి. రిలే పలుకుతోందంటే కంట్రోల్ యూనిట్ ఆదేశం అందుతున్నట్లే, కనుక స్విచ్చును, సెన్సర్లను ప్రస్తుతానికి పక్కన పెట్టి, రిలే కాంటాక్టుల నుంచి మోటారు ఎర్త్ (కారు బాడీకి బిగించే నెగటివ్ కనెక్షన్) వరకు ఉన్న దారిలో వెతకండి. మోటారు కనెక్టరును ఊడదీయకుండా, వెనుక వైపు నుంచి మీటరు ప్రోబులు పెట్టి, మరొకరిచేత బటన్ నొక్కించండి. ఊడదీసి కొలిస్తే చిలుముపట్టిన వైరు కూడా 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. వోల్టేజి పూర్తిగా వస్తున్నా తిరగకపోతే లోపం మోటారుదే. రాకపోతే ఎర్త్ టెర్మినల్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలవండి. అక్కడ 0.5 వోల్టు దాటితే ఎర్త్ చెడిందనే అనుకోవాలి.

జవాబు (వేళచ్చేరి): పై సలహాతో ఏకీభవిస్తున్నాను. సముద్రపు గాలి తగిలే మీ ప్రాంతంలో నా మొదటి అనుమానం ఎర్త్ బోల్టు మీదనే. డిక్కీ కార్పెట్ ఎత్తి చూడండి, తడి ఉంటే డ్రైన్ గొట్టాలు కూడా శుభ్రం చేయించండి.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలండీ. ఎర్త్ వైపు దాదాపు 9 వోల్టులు చూపించింది. బోల్టు కింది రింగు పచ్చగా చిలుముపట్టి ఉంది. గీకి శుభ్రం చేసి బిగించగానే మోటారు తిరిగింది. అయితే టాప్ సగంలో ఆగుతోంది.

జవాబు (అడయార్): ఇప్పుడు సెన్సర్ల వంతు. ముందుగా డిక్కీలోని సామాను అడ్డుతెర దాని స్థానంలో సరిగ్గా దిగిందో లేదో చూడండి. చాలా మోడళ్లలో అది దిగకపోతే టాప్ కదలదు. ఆ తరువాత స్కానరుతో (కారు కంప్యూటరును చదివే పరికరంతో) మైక్రోస్విచ్చుల, అంటే టాప్ భాగాలు ఎక్కడున్నాయో తెలిపే చిన్న సెన్సర్ల, స్థితిని ఒక్కొక్కటిగా గమనించండి. సగంలో ఆగిన టాప్‌కు గట్టి ఊత పెట్టకుండా మాత్రం లోపల చేయి పెట్టకండి.