20 లక్షల సీఎస్‌ఆర్ సొమ్ము: బడిలో రోబోటిక్స్ ల్యాబా, హైవే పక్కన ప్రాణాలు నిలిపే శిక్షణా?

హైవే_ఊరోడు
మాది కత్తిపూడికీ తునికీ మధ్య, 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఊరు. మా జడ్పీ హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (లాభాల్లో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టే సొమ్ము) కింద 20 లక్షలు ఇస్తానంది. రెండు ప్రతిపాదనలు వచ్చాయి. మొదటిది బడిలో రోబోటిక్స్ ల్యాబ్, అందులో 17 లక్షలు సామాన్లకే. రెండోది ప్రమాదం జరిగితే అంబులెన్స్ వచ్చేలోపు ఏం చెయ్యాలో ఊళ్లో వాళ్లకి నేర్పించడం: సీపీఆర్ (గుండె ఆగినవాడి ఛాతీ మీద నొక్కడం), రక్తం ఆపడం, దెబ్బ తగిలినవాణ్ని మెడ కదలకుండా పట్టుకోవడం. మీటింగ్‌లో అరుపులు తప్ప ఏమీ తేలలేదు.

నా ఓటు శిక్షణకే. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ అందకపోతే నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున బతికే అవకాశం పడిపోతుంది. 108 ఎంత తొందరగా వచ్చినా ఆ నిమిషాలు మనవే. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో మా రోడ్డు వాటా కూడా ఉంది. మీరేమంటారు?

సిలికాన్_చిన్నోడు
అన్నా, ప్రాణాల పేరు చెబితే ఎవరూ ఎదురు మాట్లాడలేరు కదా, అదే మీ బలం. రోడ్డు మీద ప్రాణాలు కాపాడటం ప్రభుత్వం పని. 108 ఉంది, హైవే అథారిటీ ఉంది, పోలీసులున్నారు. మరి మన బడి పిల్లాడికి ఒక ఆర్డినో బోర్డు (ప్రయోగాలకి వాడే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) ముట్టుకునే అవకాశం ఎవరిస్తున్నారు? పిల్లలు ఇలాంటి ప్రయోగాలు చేసుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్ పెట్టడానికి కేంద్రం బడికి ఇచ్చేది కూడా 20 లక్షల దాకానే. మనకి రాలేదు. వచ్చిన కంపెనీ సొమ్మునైనా దానికి వాడుకోనివ్వండి.

ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మేడల మీద ఉన్నవాళ్లకి భోజనం పొట్లాలు, మంచినీళ్లు డ్రోన్లతో దించారు. టెక్నాలజీ నేర్పడం వేరు, ఆపదలో ఆదుకోవడం వేరు అని గీత గీయడమే నాకు నచ్చలేదు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
చిన్నోడు చెప్పిన లెక్క సగమే. అటల్ ల్యాబ్ సొమ్ములో 10 లక్షలు పెట్టడానికి, మిగతా 10 లక్షలు అయిదేళ్ల లోపు నడపడానికి. ఆ రెండో సగం ఎందుకు పెట్టారో ఆలోచించండి.

నేను పనిచేసిన ఒక బడికి ల్యాబ్ వచ్చింది. ఏ స్కీమో, ఎవరిచ్చారో అనవసరం. రిబ్బన్ కత్తిరించారు, పేపర్లో ఫోటో పడింది. మొదటి ఏడాది పిల్లలు నిజంగానే అద్భుతాలు చేశారు, పొలంలో తేమ చూసి మోటారు ఆపే బొమ్మ ఒకటి నాకిప్పటికీ గుర్తు. తర్వాత ట్రెయినింగ్ అయిన సైన్స్ టీచర్‌కి బదిలీ వచ్చింది. త్రీడీ ప్రింటర్‌లో బొమ్మలు పోసే ప్లాస్టిక్ తీగ అయిపోయింది, కొనడానికి ఏ పద్దు కింద రాయాలో ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన హెడ్మాస్టారు గదికి తాళం వేయించారు. ఆయన చెడ్డవాడేం కాదు. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న వస్తువు ఒకటి పోతే తన జీతంలోంచి కోస్తారని భయం. వస్తువు పాడైతే తిడతారు, వాడకపోతే ఎవరూ అడగరు. ప్రభుత్వ బడిలో ఏ మనిషైనా చివరికి చేసేది అదే.

అలాగని నేను ల్యాబ్‌కి వ్యతిరేకం కాదు. 17 లక్షల సామానుకే వ్యతిరేకం. 6 లక్షల సామాను కొని, మిగతాది పెట్టి నాలుగేళ్లు ఒక కుర్రాణ్ని జీతం మీద పెట్టుకోండి, నేను చెయ్యెత్తుతాను.

హైవే_ఊరోడు
బాగా చెప్పారు మాస్టారూ. కంటెంట్ సంగతి కూడా చూడండి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి బైజూస్ పాఠాలతో ట్యాబులు పంచారు. 2024 జులైకల్లా ఆ కంపెనీ దివాలా కోర్టులో ఉంది. శిక్షణకి ఆ బెంగ లేదు. ఒకసారి నేర్పితే చేతిలో ఉండిపోతుంది.

108_పాత_ఈఎంటీ
ఉండిపోదండీ. మీ పక్షమే అయినా ఈ మాట ఒప్పుకోలేను.

108 అంబులెన్స్‌లో ఈఎంటీగా (దారిలో అత్యవసర చికిత్స చేసేవాడిగా) పనిచేసినవాణ్ని, చాలా చోట్ల చూశాను. ఫంక్షన్ హాల్లో రెండు గంటల క్లాసు, ఒక బొమ్మ చుట్టూ వంద మంది, చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో. సీపీఆర్ అంటే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి. అంత గట్టిగా నొక్కాలని బొమ్మ మీద చేస్తే గానీ తెలియదు, మళ్లీ చెయ్యకపోతే ఆరు నెలల్లో పట్టు తప్పుతుంది. గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం కొన్నారనుకోండి, దాని ప్యాడ్‌లకి ఎక్స్‌పైరీ ఉంటుంది, బ్యాటరీ మార్చాలి. మాస్టారు చెప్పిన త్రీడీ ప్రింటర్ కథే ఇక్కడా జరుగుతుంది, కాకపోతే ఇక్కడ అది బయటపడేది మనిషి పోతున్నప్పుడు.

చేస్తే ఇలా చెయ్యండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆపదమిత్ర పథకం కింద వాలంటీర్లకి 12 రోజులు శిక్షణ ఇచ్చింది. అంత కాకపోయినా రెండు గంటల్లో ముగించకండి. బడి పిల్లల్ని కూర్చోబెట్టడం తేలిక కాబట్టి వాళ్లకే నేర్పి ఊరుకోకండి. పంక్చర్ షాపు వాళ్లు, దాబా వాళ్లు, ఆటో స్టాండు కుర్రాళ్లు, రాత్రి రెండింటికి రోడ్డు మీద ఉండేది వాళ్లే. వాళ్లకి సీపీఆర్ కంటే ముందు చెప్పాల్సింది, సాయం చేసినవాడి మీద కేసు ఉండదని. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ అందుకే చేర్చారు. ప్రాణాపాయంలో ఉన్నవాణ్ని గంటలోపు ఆస్పత్రికి చేర్చినవాళ్లకి కేంద్రం 25,000 బహుమతి కూడా ఇస్తోంది. ఇప్పటికీ జనం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలేమోనని టెన్షన్‌తోనే ఆగిపోతున్నారు.

డాలస్_బాబాయ్
ఇక్కడ అమెరికాలో కూడా ఇదే గొడవ. ఫైర్ ఫైటర్లలో మూడింట రెండొంతుల దాకా వాలంటీర్లే. పరికరాలకి ఫెమా (ఇక్కడి కేంద్ర విపత్తు సంస్థ) వాళ్ల గ్రాంట్ ఒకటి, మనుషుల్ని పెట్టుకోవడానికి సేఫర్ అని ఇంకొకటి. సేఫర్ కింద జీతాలకి డబ్బు మూడేళ్లు వస్తుంది. నాలుగో ఏడు ఆ జీతాలు ఊరి మీద పడతాయి, ఊరి దగ్గర అంత డబ్బు ఉండదు. పరికరాల గ్రాంట్‌లో మాత్రం ఒక పద్ధతి నాకు నచ్చింది: 20 వేల లోపు జనాభా ఉన్న చిన్న ఊరైనా సరే, తన వంతు 5 శాతం పెట్టాలి. మన సంఘం వాళ్లు కూడా పైసా పెట్టకుండా 20 లక్షలు పుచ్చుకోవడం సరి కాదు.

సిలికాన్_చిన్నోడు
సరే బాబాయ్, ఆ వాటా నేనిస్తాను. కానీ ల్యాబ్‌కైతేనే. నడిపే మనిషి అంటున్నారు కదా, కాకినాడ జేఎన్‌టీయూ పిల్లల్ని అడిగితే శనివారాలు వచ్చి చెప్పేవాళ్లు దొరుకుతారు. ఆరు నెలలకోసారి ఆటో డ్రైవర్లని మళ్లీ క్లాసుకి ఎవరు తీసుకొస్తారు? ఆ రోజు కూలి ఎవరిస్తారు?

108_పాత_ఈఎంటీ
గ్రాంట్‌లోంచి ఇవ్వాలి తమ్ముడూ. 20 లక్షల్లో నేను మొదట రాసే ఖర్చు అదే.

సీఏ_అక్క
అందరూ ఖర్చు పెట్టేస్తున్నారు, డబ్బు ఇంకా చేతికి రాలేదు. రెండు మాటలు.

ఒకటి, మొత్తం ఒకే ఏడాదిలో ఖర్చయిపోవాలని కంపెనీ చెబితే నమ్మకండి. కంపెనీ బోర్డు దీన్ని కొనసాగే ప్రాజెక్టుగా ఆమోదిస్తే, మొదలైన ఆర్థిక సంవత్సరం కాక ఇంకా మూడేళ్లు నడపొచ్చు. మిగిలిన డబ్బు ప్రత్యేక ఖాతాలో ఉంచుతారు. మార్చి నెలాఖరులో హడావిడిగా ఇచ్చే సొమ్ము ఎక్కువగా సామాన్ల మీదే పోతుంది, ఎందుకంటే బిల్లు చూపించడం తేలిక. మాస్టారు అడిగిన జీతమైనా, ఈఎంటీ గారు అడిగిన కూలైనా ఈ దారిలోనే కుదురుతుంది. కాబట్టి ల్యాబా, శిక్షణా అన్న ఓటింగ్ కంటే ముందు కంపెనీ వాళ్లతో ఈ మాట తేల్చుకోండి.

రెండోది, మీ సంఘం రిజిస్టర్ అయ్యి మూడేళ్ల పని చూపించగలదా? ఆదాయపు పన్ను వాళ్లిచ్చే 12ఏ, 80జీ నమోదులు ఉన్నాయా? సీఎస్‌ఆర్-1 నమోదు నంబరు ఉందా? 2021 ఏప్రిల్ నుంచి అది లేకుండా ఏ కంపెనీ కూడా మీ ద్వారా ఈ సొమ్ము ఖర్చు పెట్టలేదు.

హైవే_ఊరోడు
12ఏ, 80జీ ఉన్నాయక్కా. సీఎస్‌ఆర్-1 సంగతి సెక్రటరీ గారిని అడగాలి. ఆయన ల్యాబ్ పక్షం, మీటింగ్ అయిన దగ్గర్నుంచి నా ఫోన్ ఎత్తట్లేదు.