టీ దగ్గర కులం మాట వస్తే మధ్యలో మనం మాట్లాడాలా, వద్దా?

ఫిల్టర్‌కాఫీ:
హైదరాబాద్‌లో పదకొండు మంది సాఫ్ట్‌వేర్ టీమ్‌కి నేను లీడ్‌ని. పోయిన వారం టీ దగ్గర ఒకతను "కోటా బ్యాచ్‌కి కోడ్ రివ్యూ ఇస్తే ఇంతే" అన్నాడు (రివ్యూ అంటే ఒకరు రాసిన కోడ్‌లో తప్పులున్నాయేమో ఇంకొకరు చూడటం). పక్కనే మా టీమ్‌లోని ఎస్సీ అబ్బాయి ఉన్నాడు. కాలేజీలో నా జూనియర్ కాబట్టి నాకు తెలుసు, మిగతావాళ్ళకి తెలీదు. ఊరుకోలేక "అతని ముందే ఆ మాటలేంటి?" అన్నాను. అంతా గప్‌చుప్. సాయంత్రం అతనొచ్చి "అక్కా, మూడేళ్ళుగా నేను చెప్పనిది నువ్వు ఒక్క మాటతో చెప్పేశావు" అన్నాడు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. నేను చేసింది తప్పా?

గోదారిగట్టు:
తప్పేం లేదండీ. ఊరుకుంటే మీరూ ఒప్పుకున్నట్టే కదా. లీడే నోరెత్తకపోతే ఇంకెవరు ఎత్తుతారు?

మూడోబెంచీ:
తప్పే. మాట్లాడటం కాదు, "అతని ముందే" అనడం తప్పు. "ఆ మాట నాకు నచ్చలేదు" అని ఉంటే గొడవ మీ ఇద్దరి మధ్యే ఉండేది. నేను మాదిగ ఇంట్లో పుట్టినవాణ్ణి. ఉద్యోగంలో చేరగానే ముందు ఏ ఊరని అడుగుతారు, తర్వాత ఇంటిపేరు. అప్పటికీ తేలకపోతే "నాన్నగారు ఏం చేస్తుంటారు?" అంటారు. అందుకే ఆఫీసు మెయిల్‌లో నా ఇంటిపేరు ఒక్క అక్షరమే. అలా జాగ్రత్తపడుతూ వచ్చిన మనిషిని మీరు నడివీధిలో నిలబెట్టారు.

నిజంచెప్తా:
అసలు ఆఫీసులో కులం గొడవ ఎందుకండీ? పదిహేనేళ్ళ సర్వీసులో నేను ఎవర్నీ కులం అడగలేదు. పని వస్తే పైకొస్తారు.

మూడోబెంచీ:
అడగాల్సిన అవసరం మీకు రాలేదు, అంతే. కార్తీక మాసంలో వనభోజనాలకి ఎవరితో వెళ్తారు సార్? అక్కడ మీ కంపెనీవాళ్ళు ఎంతమంది కలుస్తారు? ఖాళీలున్నాయని ముందు ఏ గ్రూపులో పెడతారు? ఇంకోటి, ప్రైవేటు కంపెనీ ఉద్యోగాల్లో రిజర్వేషనే లేదు. అందరూ రాసిన టెస్టే రాసి చేరినవాడికి ఈ "కోటా" ఎక్కణ్ణుంచి అంటుకుంది?

నిజంచెప్తా:
వనభోజనాలకి వెళ్ళడం కూడా నేరమేనా? మరీ సాగదీస్తున్నారు.

వానలఊరు:
సియాటిల్ నుంచి రాస్తున్నా. ఇక్కడ నగర కౌన్సిల్ 2023 ఫిబ్రవరిలో వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని కూడా చేర్చింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం ఇదే. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లే చట్టసభ దాటినా, ఉన్న చట్టాలు చాలంటూ గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. మా తెలుగు గ్రూపులో దాని మీద కొట్టుకోని రోజు లేదు. నా మటుకు నాకు చట్టం ఉండాల్సిందే. కానీ ఫిర్యాదు చేయాలంటే ముందు "నాది ఫలానా కులం" అని చెప్పుకోవాలి. అక్కడే చాలామంది ఆగిపోతారు.

గోదారిగట్టు:
మరి లీడ్ ఏం చేయాలంటారు? నోరు మూసుకు కూర్చోవాలా?

మూడోబెంచీ:
నా పాత మేనేజర్ గురించి చెప్తా. రెడ్లాయన. కులం ఊసు నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. క్లయింట్ డెమోకి వరసగా రెండుసార్లు నన్నే పంపాడు. రేటింగ్‌ల మీటింగ్‌లో నాకు కోత పెట్టబోతే గంటసేపు వాదించాడట. ఆ గదిలో నేను లేను. రెండేళ్ళ తర్వాత వేరేవాళ్ళు చెప్తే తెలిసింది.

ఫిల్టర్‌కాఫీ:
ఆ కోటా మాటన్నవాణ్ణి విడిగా పిలిచి అడిగితే "జోక్ చేశా" అంటున్నాడు. ఇంకోసారి అలాంటి జోక్ నా టీమ్‌లో వద్దన్నాను. తర్వాత మావాడికి సారీ చెప్పి, ఏం చేయమంటావని అడిగాను. "వచ్చే రిలీజ్‌కి రివ్యూలు నాకివ్వు అక్కా, మిగతాది తర్వాత చూద్దాం" అన్నాడు. ఇచ్చాను. టీకి మాత్రం ఇంకా మాతో రావట్లేదు.