ఈ వారం సమస్య: నూనెఁ బూయ నీఁగ తానె మునిఁగె

జురాగట్టు (ఈ వారం పృచ్ఛకుడు):
ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. యతి బదులు ప్రాసయతి వేశాను: నూనె–తానె. షరతు ఒక్కటే. ఈగంటే వంటింటి ఈగ కాదు, ట్రౌట్ చేపను మోసం చేయడానికి గాలానికి ఈకలు కట్టి తయారుచేసే డ్రై ఫ్లై. నీళ్ళ మీద తేలాల్సిన ఈగ.

నేనుండేది స్విట్జర్లాండ్‌లో, లోజాన్ దగ్గర. అక్కడికి గంటలోపు ప్రయాణంలో ఓర్బ్ నది ఒడ్డున వలోర్బ్ ఊరుంది. 1920లలో ఈ జురా కొండల్లోనే మాక్సిమిలియన్ జోజె, షార్ల్ బికెల్ వంటివాళ్ళు బాతు ఈకతో ఈగలు కట్టడం మొదలుపెట్టారు. ఏ ఈక పడితే ఆ ఈక కాదు. బాతు ముక్కుతో పొడుచుకుని ఒళ్ళంతా నూనె రాసుకునే గ్రంథి ఒకటి తోక మొదట్లో ఉంటుంది. దాని చుట్టూ ఉండే మెత్తటి ఈకలే కావాలి. ఫ్రెంచివాళ్ళు ఏ మొహమాటమూ లేకుండా 'బాతు పిర్ర' అని పేరు పెట్టేశారు. పద్యంలో ఆ మాట వాడేవారి ధైర్యానికి అదనపు మార్కులు!

ఈ ఈగకు మామూలు ఈగలకు పూసే చిక్కటి తేలుడు మందు పూస్తే మునుగుతుంది. ఎందుకో మీ పద్యాలు చెప్పాలి.

పద్యపిపాసి:
బాతు తోఁకమొదటి పలుచని యీకకు
గాలి దాఁచు గుణము గలదు గాదె;
పీచు ముద్దగట్టి పీల్చెను నీటిని;
నూనెఁ బూయ నీఁగ తానె మునిఁగె.

జురాగట్టు:
విషయం సరిగ్గా పట్టారు. ఆ పీచుకు అటూ ఇటూ కంటికి ఆననంత సన్నటి నూగు ఉంటుంది, అది గాలిబుడగల్ని పట్టి ఉంచుతుంది. చాలామంది ఘనతంతా బాతు నూనెకే కట్టబెడతారు. కానీ కడిగి రంగు వేసిన ఈకల్లో ఆ నూనె చాలామటుకు పోతుంది, అయినా అవి తేలుతూనే ఉంటాయి. మీరు నూనె జోలికి పోకుండా గాలి అన్నారు, అది నాకు నచ్చింది.

ఇక 'గాదె' గణం నింపడానికి తప్ప ఎందుకూ కొరగాలేదు. రెండో పాదం 'గాలిబుడగ లుండుఁ గాచి నిలుప' అంటే? యతి చెడదు, ఒక బొమ్మ కూడా కనిపిస్తుంది.

పద్యపిపాసి:
మహాప్రసాదం గురువుగారూ. 'పిర్ర'కు నాకు ధైర్యం చాల్లేదు, మా అమ్మ ఈ పేజీ చదువుతుంది.

కదురు:
ఈ ఈగలు కట్టేవాళ్ళు పీచును దారానికి ఎక్కించడాన్ని 'డబ్బింగ్' అంటారట. అది సినిమాది అనుకుని పదిహేను నిమిషాలు వెతికాను. తీరా చూస్తే మా తాతమ్మ నూలు వడికిన పనే! దారాన్ని ఉచ్చులా వదిలి, మధ్యలో ఈక పీచు పరిచి, కింద బరువున్న కొక్కెం తగిలించి గిర్రున తిప్పడం.

దారమందుఁ బఱచి తంతువు లన్నిటిఁ
దిప్పఁ గుచ్చు వోలెఁ దీరు నదియె;
అట్టి కుచ్చు చెడియె నంటిన జిగురుతో;
నూనెఁ బూయ నీఁగ తానె మునిఁగె.

జురాగట్టు:
మొదటి రెండు పాదాలు చేతిపని తెలిసినవాళ్ళు రాసినట్టున్నాయి. ఉచ్చు బిగువు సడలితే పీచంతా ఒక పక్కకు జారుతుంది, 'పఱచి' అన్న మాటలో ఆ జాగ్రత్త వినపడింది. తిప్పాక ఆ కుచ్చును గాలం కాడకు చుడుతూ, చుట్టుచుట్టుకూ పీచును తడి వేళ్ళతో వెనక్కి దువ్వాలి. లేకపోతే కింద పడ్డ పోగుల్ని పై చుట్టు తొక్కేస్తుంది.

మూడో పాదంతోనే పేచీ. దారానికి పీచు అతుక్కోవడానికి కొంచెం మైనం రాస్తాం, చదివేవారు జిగురంటే అదేననుకుంటారు. దాని పాపం ఏమీ లేదు. దోషి పైన పూసే మందు.

కదురు:
'అట్టి కుచ్చు చెడియె నంటఁగఁ గందెన' అంటే?

జురాగట్టు:
కందెన! బండి ఇరుసుకు పెట్టేదాన్ని ఈగకు పెట్టారు. ఆ మందు అంతే చిక్కగా ఉంటుంది. ఖాయం చేయండి.

(ప్రమిదలో పడ్డ ఈగ మీద పూరణ పంపిన సోదరులకు: పద్యం నిర్దోషం, కానీ ప్రమిదలో నూనె పోస్తాం, పూయం. పైగా షరతు చదవలేదు.)

కొత్తకలం:
తప్పులుంటే మన్నించండి, ఇది నా మూడో పద్యం.

చేప నోటిలోని జిగురంటి తడిసిన
ఈఁగను కడిగి పిండి యెండఁబెట్ట
మంచి దనఁగ వినక మర్దనఁ జేసితో?
నూనెఁ బూయ నీఁగ తానె మునిఁగె!

పద్యపిపాసి:
తమ్ముడూ, రెండో పాదంలో 'ఈఁగను' భగణం. అక్కడ సూర్యగణం రావాలి. 'ను' తీసేసి 'యీఁగఁ గడిగి' అంటే హగణం, నగణం వరసగా కుదురుతాయి.

జురాగట్టు:
అదొక్కటి దిద్దితే చాలు. 'మర్దన' చదివి నవ్వుకున్నాను, నూనె అనగానే మనకు తలంటే గుర్తొస్తుంది మరి. చెప్పిన వైద్యం కూడా సరైనదే. చేప పట్టాక ఈగకు దాని జిగురు అంటుతుంది. నీళ్ళలో జాడించి, గుడ్డలో ఒత్తి, గాలిలో నాలుగుసార్లు విసిరితే మళ్ళీ తేలుతుంది.

గండుచేప:
ఒక అభ్యంతరం. బాతు గ్రంథి నూనెతోనే చేసిన పల్చటి నూనె దొరుకుతుంది, దాన్ని ఒక చుక్క రాస్తే ఈ ఈగ మునగదు. మీ సమస్యే అసత్యం కదా!

జురాగట్టు:
ఒప్పుకుంటున్నాను. సమస్య అబద్ధమాడొచ్చు, పూరణ ఆడకూడదు. ఏ నూనో మీ పద్యంలో చెప్పేయండి.

గండుచేప:
అంత చోటు లేదు, ఇది చూడండి. స్లొవేనియాకు చెందిన మార్యాన్ ఫ్రాత్నిక్ కట్టిన 'ఎఫ్ ఫ్లై' మనసులో పెట్టుకున్నాను. ఒళ్ళంతా దారమే, పైన రెక్కగా ఈకలు, అంతే.

ఒక్క కొక్కి, దార మొక్కటి, యీకలు
రెండు చాలు నీఁగ రెక్కలకును;
పెట్టెలోని డబ్బి విప్పితి నేనేల?
నూనెఁ బూయ నీఁగ తానె మునిఁగె!

కదురు:
'గాలం' ఉండగా 'కొక్కి' దేనికండీ?

గండుచేప:
'ఒక్క కొక్కి' నోట్లో ఆడుతుంటే వదలబుద్ధి కాలేదు. గాలం కోసం గణం తప్పించమంటారా?

జురాగట్టు:
వద్దు. ఈ వారానికి నా ఓటు దీనికే. మిగతా పద్యాలు ఎందుకు మునిగిందో వివరించాయి. ఇందులో మునిగాక ఒడ్డున నిలబడి తనను తాను తిట్టుకునే మనిషి ఉన్నాడు. 16వ నంబరు గాలానికి గంటసేపు కూర్చుని కట్టిన నా మొదటి ఈగను నేనే ఇలా ముంచాను.

గోదారిగట్టు:
ఆలస్యమైంది, మన్నించాలి. మేము వానపాము గుచ్చి, దారానికి బెండు కట్టి కూర్చునే రకం. ట్రౌట్‌ను చూసిన పాపాన పోలేదు.

బెండు మునుఁగ మాకుఁ బండుగ గోదారి
గట్టు మీఁద; మీకుఁ గంట నీరు;
ఏటి కేటి రీతి యేమి చిత్రమొ కాని
నూనెఁ బూయ నీఁగ తానె మునిఁగె!

జురాగట్టు:
గండుచేప గారూ, నా ఓటు వెనక్కి తీసుకోవచ్చా?