కళ్లు తడవని ఆరాధనను దేవుడు అంగీకరిస్తాడా?

తెల్లవారు దీపం (ప్రశ్న)

అందరికీ వందనాలు. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం అడుగుతున్నాను. ఒక వచనం పెట్టి ఊరుకోకుండా కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.

నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టారు. చూసుకునేది నేనే. గంటల తరబడి ఒకే పక్కన పడుకోబెడితే తుంటి దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి కాబట్టి రాత్రిళ్లు కూడా అలారం పెట్టుకుని లేచి ఆయన్ని పక్కకు తిప్పుతాను. తెల్లవారక ముందే బైబిలు చదువుకుని ప్రార్థన చేసుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. అది ఇప్పటికీ మానలేదు. కానీ ఒకప్పుడు ప్రార్థనలో కూర్చుంటే కళ్లవెంట నీళ్లు వచ్చేవి, పాట ఎత్తుకుంటే గుండె నిండిపోయేది. ఇప్పుడు అదేమీ లేదు. వాక్యం చదువుతాను, పాట పాడతాను, ఆమేన్ అంటాను. లోపల ఏ కదలికా ఉండదు.

ఆరాధనలో అందరూ కన్నీళ్లతో స్తుతిస్తుంటే నేనూ చేతులెత్తుతాను. ఎవరో చూస్తారని కాదు, ఆయన స్తుతికి అర్హుడని తెలుసు కాబట్టి. ఇంటికి వచ్చాకే టెన్షన్ మొదలవుతుంది. ఒక సహోదరి "మనసు లేని ఆరాధన వేషధారణే సిస్టర్, అంతకన్నా మానేయడం మేలు" అన్నారు. పెదవులతో ఘనపరుస్తారు గాని హృదయం దూరంగా ఉంది అనే యెషయా 29:13 కూడా చూపించారు. ఇంకొకరేమో "రక్షణ కృప వల్లే కదా, ఇంత పట్టుదలగా అన్నీ పాటించడమంటే మళ్లీ ధర్మశాస్త్రం కిందికి వెళ్లడమే" అన్నారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా అన్నయ్య సంఘంలో ఆరాధన నడిపిస్తాడు. అతను పాడుతుంటే ఏడవని వాళ్లుండరు, అతనూ ఏడుస్తాడు. నాన్నగారి గదిలోకి మాత్రం రాడు. అడిగితే పరిచర్య ఉందంటాడు. దేవుడు ఆ కన్నీళ్లను అంగీకరించి నా ఎండిపోయిన ప్రార్థనను తోసేస్తాడా? నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

ఒలీవ కొమ్మ

వందనాలు అక్కా. నేను నర్సుగా పనిచేస్తాను, అందుకే ముందు శరీరం సంగతి. రాత్రంతా ముక్కలు ముక్కలుగా నిద్రపోయే మనిషికి ఏడుపు రాదు, నవ్వూ రాదు. రోగుల్ని ఇంట్లో చూసుకునే వాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. విశ్వాసం పోయిందనుకుని భయపడకండి. ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి తగ్గడం లాంటివి కూడా ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి.

ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని "నా ప్రాణం తీసుకో" అన్నప్పుడు దేవుడు చేసిన మొదటి పని ఏమిటో 1 రాజులు 19లో చూడండి. గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి తినమన్నాడు, తిని తాగి ఏలీయా మళ్లీ పడుకున్నాడు. రెండోసారీ దూత లేపింది తినమనే, ఈ ప్రయాణం నీ శక్తికి మించిందనే. "ఏలీయా, ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అని దేవుడు అడిగింది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. ముందు నిద్ర, తిండి. ఆ తర్వాతే ప్రశ్న.

ఎడారి బావి

సిస్టర్ గారూ, వందనాలు. మీకు చూపించిన ఆ వచనం దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని మీ మీద వాడటం చూసి నాకు బాధ కలిగింది.

యెషయా మాటను యేసు ప్రభువు ఎక్కడ, ఎవరి గురించి ఎత్తి చెప్పాడో మత్తయి 15 తెరిచి చూడండి. మూడో వచనం నుంచి చదవండి. తల్లిదండ్రులకు అందాల్సిన సాయాన్ని "ఇది దేవార్పితం" అని చెప్పి ఎగ్గొట్టే ఆచారం గురించి మాట్లాడుతున్నాడు ఆయన. మార్కు 7లో దాన్నే కొర్బాను అన్నారు. సరిగ్గా అక్కడే, "ఈ ప్రజలు తమ పెదవులతో నన్ను ఘనపరచుదురు గాని వారి హృదయము నాకు దూరముగా ఉన్నది" అన్నాడు. అంటే ప్రభువు చెప్పిన దూరమైన హృదయం ఏడుపు రాని హృదయం కాదు. దేవుని పేరు చెప్పి కన్నవాళ్లను పక్కన పెట్టే హృదయం. రాత్రి లేచి నాన్నగారిని తిప్పే మనిషికి ఆ వచనం చూపించి భయపెట్టడం చాలా అన్యాయం. చూపించిన ఆవిడ మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. అయినా సందర్భం చూడాల్సింది.

యథార్థత అంటే భావోద్వేగం అని మనలో ఎప్పుడు స్థిరపడిపోయిందో గాని, బైబిల్లో అలా లేదు. సౌలు రాజునే తీసుకోండి. అమాలేకీయుల పశువులతో సహా అంతా నాశనం చెయ్యమన్నది అతనికిచ్చిన ఆజ్ఞ. గెలిచి వచ్చాక, సమూయేలు ప్రవక్త తన దగ్గరికి రాగానే ఎంతో భక్తిగా "యెహోవా ఆజ్ఞను నెరవేర్చాను" అంటాడు. సమూయేలు అడిగింది ఒకటే: మరి నాకు వినబడుతున్న ఈ గొర్రెల అరుపులు, ఎద్దుల రంకెలు ఏమిటి? సౌలు దగ్గర దానికీ జవాబుంది, బలి అర్పించడానికే ఉంచారట. భక్తికి లోటేమీ లేదక్కడ. మాట వినడమే లేదు. "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము" అన్నది ఆ సందర్భంలోనే.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేవాడు మత్తయి 21లోని మొదటి కొడుకు. ద్రాక్షతోటకు వెళ్లి పనిచెయ్యమంటే పోనన్నాడు, తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. ఉత్సాహంగా వెళ్లాడని ప్రభువు చెప్పలేదు. వెళ్లాడు, అంతే. తండ్రి ఇష్టప్రకారం చేసింది అతనే.

మీ ప్రార్థన మాటకొస్తే 88వ కీర్తన చదవండి. ఎజ్రాహీయుడైన హేమాను రాశాడు. దాదాపు ప్రతి విలాప కీర్తనా చివర్లో నమ్మకంలోకో స్తుతిలోకో తిరుగుతుంది, ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. అయినా పైన "ప్రధానగాయకునికి" అని ఉంది, అంటే ఆరాధనలో పాడటానికి ఇచ్చింది. ఆ ముగింపుకు ఇంకో సంతోషకరమైన వచనం ఎవరూ అతికించలేదు, అలాగే లేఖనంలో నిలిచింది. ఉన్నది ఉన్నట్టు దేవుని ఎదుట చెప్పడం, ఆత్మతోను సత్యముతోను ఆరాధించాలి అన్న ప్రభువు మాటలో సత్యం అదేనని నా నమ్మకం. "ప్రభువా, నాకేమీ అనిపించడం లేదు, అయినా వచ్చాను" అన్నారంటే మీరు ఆ రోజు అబద్ధమాడలేదు. లేని ఉద్వేగాన్ని తెచ్చిపెట్టుకుంటే, వేషధారణ అక్కడ మొదలవుతుంది.

ఇక కృప సంగతి. మీకు చెప్పినవాళ్లు సగం నిజమే చెప్పారు. ఎఫెసీ 2:8-9 స్పష్టంగా ఉంది, రక్షణ క్రియలవల్ల కలిగినది కాదు. కానీ పదో వచనం చదవకముందే పుస్తకం ముయ్యకూడదు కదా. సత్క్రియలు చేయడానికే క్రీస్తులో సృష్టింపబడ్డామని అక్కడుంది. నిర్గమకాండం వరుస చూడండి. ఎర్రసముద్రం దాటింది 14వ అధ్యాయంలో, పది ఆజ్ఞలు వచ్చింది 20లో. ఆ ఆజ్ఞలకు ముందు వాక్యం కూడా "నిన్ను ఐగుప్తు నుంచి రప్పించినవాడిని నేనే" అని. ఆజ్ఞలు పాటిస్తే విడిపిస్తానని దేవుడు బానిసలతో బేరం పెట్టలేదు. విడిపించి, తర్వాత ఎలా బతకాలో చెప్పాడు. 1563లో జర్మనీలో విశ్వాసాన్ని నేర్పడానికి వచ్చిన హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరాల్లో మూడు భాగాలున్నాయి: మనిషి దురవస్థ, విమోచన, కృతజ్ఞత. పది ఆజ్ఞల వివరణ, ప్రభువు నేర్పిన ప్రార్థన రెండూ మూడో భాగంలో, కృతజ్ఞత కింద పెట్టారు. ఆ పెద్దలు దాన్ని అక్కడ పెట్టడం నాకు ఎంతో ఇష్టం.

మీ ఇంటి విషయమే చూడండి. అలారం మోగగానే నాన్నగారి మీద ప్రేమ పొంగుతుందా? లేచి తిప్పుతారు. దాన్ని ఎవరైనా నటన అంటే మీరు ఒప్పుకోరు. ఒక్క తేడా మాత్రం మర్చిపోవద్దు. నాన్నగారికి మీరు కావాలి, మీరు లేవకపోతే ఆయనకు పుండ్లు పడతాయి. దేవుడికి ఆ అవసరం లేదు. 50వ కీర్తనలో ఆయనే అంటాడు, ఆకలేసినా నీతో చెప్పను, లోకమంతా నాదే అని. కాబట్టి ఒక్క తెల్లవారుజామున లేవలేకపోతే ఆయనకు తక్కువయ్యేదేమీ లేదు. ఒలీవ కొమ్మ గారు చెప్పిన నిద్ర మీరు నిద్రపోవచ్చు. కృప అంటే అది కూడా.

కీర్తన పల్లకి

ఎడారి బావి గారితో కొంచెం విభేదిస్తాను. అనుభూతిని మరీ తీసిపడేయకండి. ప్రభువునందు ఎల్లప్పుడు ఆనందించుడి అన్నది కూడా ఆజ్ఞే. మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ ఎంతో క్రమశిక్షణతో ఉపవాసాలు, ప్రార్థనలు చేసిన మనిషి, మిషనరీగా కూడా వెళ్లివచ్చాడు. అయినా 1738 మే 24న లండన్‌లో రోమా పత్రికకు సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన పీఠిక వింటున్నప్పుడే తన హృదయం వింతగా వెచ్చబడిందని, క్రీస్తునే నమ్ముకున్నానన్న నిశ్చయం కలిగిందని రాసుకున్నాడు. అది దేవుడు ఇచ్చేదే. అడగాలి కదా?

ఇంకోటి. సిస్టర్, మీ అన్నయ్యకు మత్తయి 15 పంపించండి, 1 తిమోతి 5:8 కూడా. తన యింటివారిని సంరక్షింపనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని ఉంది. స్టేజీ మీద కన్నీళ్లు సరే, నాన్నగారి దుప్పటి ఎవరు మార్చాలి?

ఎడారి బావి

అడగాలి, ఒప్పుకుంటాను. అడిగి తీరాలి. అయితే అదే వెస్లీ డైరీలో ఆ రాత్రే మళ్లీ శోధనలు కమ్ముకున్నాయని ఉంది. 1739 జనవరిలో అయితే, నేను క్రైస్తవుణ్ణి కానని కూడా రాసుకున్నాడు. అయినా పని ఆపలేదు, ఆ ఏడాదే ఆరుబయట ప్రసంగాలు మొదలుపెట్టాడు. ఆ వెచ్చదనం వచ్చింది, తగ్గింది. అతను నిలబడింది దాని మీద కాదు.

అన్నయ్య విషయంలో మీరు చెప్పిన వచనాలు సరైనవే, ఆ బాధ్యత అతనిదీ. కానీ సిస్టర్ గారూ, పంపించే ముందు లూకా 15లో పెద్ద కొడుకును ఒకసారి చూడండి. మిమ్మల్ని అతనితో పోల్చి తప్పు పట్టడానికి కాదు, ఆ పొలంలో అతను పడ్డ కష్టం నిజమైనదే. "ఇన్ని ఏళ్లుగా నిన్ను సేవిస్తున్నాను" అన్నాడు, అబద్ధం కాదు. ఇల్లు విడిచిపోయి తిరిగొచ్చిన తమ్ముడి కోసం ఇంట్లో విందు జరుగుతూ సంగీతం వినబడుతుంటే గడప దాటి లోపలికి వెళ్లలేకపోయాడు. ఆరాధనలో పాట వింటూ మీ లోపల ఏమీ కదలకపోవడానికి కారణం నిద్రలేమి ఒక్కటేనా, ఆ పాడే గొంతు అన్నయ్యది కావడం కూడానా? అది మీరే ప్రార్థనలో చూసుకోండి. నాకు తెలియదు, యోబు కష్టాలకు కారణం ఇదేనని తేల్చేసిన అతని స్నేహితుల్లాగా నేను తేల్చి చెప్పకూడదు కూడా.

ఆ కథలో నేను పదే పదే చదివేది తండ్రి బయటికి రావడం. చిన్నవాడికోసం పరిగెత్తిన ఆయనే పెద్దవాడికోసం కూడా విందు వదిలి వచ్చి బతిమాలాడు. "నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు, నావన్నియు నీవి" అన్నాడు. ఆ కొడుకు తన కష్టానికి కూలి లెక్కేస్తున్నాడు, తండ్రేమో ఎప్పుడో అంతా ఇచ్చేశాడు. కృప తప్పిపోయిన వాళ్లకే కాదు, ఇల్లు వదలని వాళ్లకూ కావాలి.

అన్నయ్యకు వచనం పంపితే అతను ఇంకో వచనం పంపుతాడు. ఫలానా రాత్రి నువ్వు రావాలి అని అడగండి. మత్తయి 18:15 చెప్పేది కూడా ముందు అతనితో ఒంటరిగా మాట్లాడమనే.

తెల్లవారు దీపం

అందరికీ చాలా థాంక్స్. మత్తయి 15 ఎన్నోసార్లు చదివాను గాని, ఆ వచనం తల్లిదండ్రుల సందర్భంలో ఉందని ఎప్పుడూ గమనించలేదు. చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఎడారి బావి గారు అడిగింది నిజమే. అన్నయ్య మైకు పట్టుకోగానే నా లోపల ఏదో బిగుసుకుపోతుంది. ఇవాళ ప్రార్థనలో అది పేరు పెట్టి చెప్పాను. ఏడుపు రాలేదు, హాయిగానూ అనిపించలేదు, కానీ చాలా కాలానికి నిజం చెప్పినట్టు ఉంది. 88వ కీర్తన పైకి చదివాను. "ఉదయమున నా ప్రార్థన నిన్ను ఎదుర్కొనును" అన్న చోట ఆగిపోయాను. అంత చీకటి కీర్తనలో కూడా హేమాను పొద్దున్నే దేవుని దగ్గరికి వస్తూనే ఉన్నాడు.

అన్నయ్యకు ఫోన్ చేశాను. దెప్పలేదు. శుక్రవారం రాత్రి నువ్వు నాన్న దగ్గర పడుకోవాలి, నేను నిద్రపోవాలి అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నాకు తిప్పడం రాదు, ఏమైనా అయితే?" అన్నాడు. భయపడుతున్నాడని నాకు అప్పటిదాకా తట్టలేదు. వస్తానన్నాడు.

ఒలీవ కొమ్మ

అక్కా, చాలా సంతోషం. మొదటి రాత్రి ఒక్కసారి మీరు పక్కనుండి చూపించండి. తిప్పే వైపు నిలబడి, అవతలి భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి మెల్లగా తన వైపు దొర్లించుకోమనండి. పక్షవాతం వచ్చిన చెయ్యి పట్టుకుని మాత్రం లాగొద్దు, భుజం కీలు జారుతుంది. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టాలి. మడమలు పరుపుకు తగలకూడదు. చర్మం ఎక్కడైనా ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి చూడమనండి. నొక్కినా ఆ ఎరుపు పోకపోతే మిమ్మల్ని లేపాలి, లేకపోతే లేపొద్దని చెప్పండి. అలారం అతని ఫోన్‌లో పెట్టండి, మీ ఫోన్ వేరే గదిలో ఉంచండి.